బూరె చిగుళ్ళ రంగు

నా సర్వీసులో ఆఖరి బదిలీ రాజోలు వైపు ఒక పశువుల ఆసుపత్రికి. కరోనా రెండో అల సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో అక్కడ చేరాను. రిటైర్మెంటుకి అప్పటికి రెండేళ్ళుంది. హోదా అసిస్టెంట్ డైరెక్టర్. మా శాఖలో పొట్టిగా ఏ.డి. అంటాం. పేరు పెద్దదే గానీ రోజూ చేసే పని మాత్రం ఉద్యోగంలో చేరిన మొదటి రోజు చేసిందే. గేదెలకి చూడి పరీక్షలు, గాలికుంటు టీకాలు, వానలు మొదలైతే గొంతువాపు, మేకలకి పారుడు రోగం. ఊరి పేరు రాయను. ఇందులో తప్పు నాది, ఊరిని మధ్యలోకి లాగడం మర్యాద కాదు.

నాతో పనిచేసినవాడు వెటర్నరీ అసిస్టెంటు నూకరాజు. ఊళ్ళో అందరూ కాంపౌండరుగారనే పిలిచేవారు. ఎవరి గేదె ఎప్పుడు ఈనిందో, ఏ ఇంటికీ ఏ ఇంటికీ మాటల్లేవో అతనికి కంఠతా వచ్చు. నా సంగతి అంటారా, నాకు నోరెక్కువ, చెవి తక్కువ అని మా ఆవిడ అంటుంది. ముప్పై ఏళ్ళు దాటిన సర్వీసు కదా, పశువు గేటు దాటి లోపలికొస్తుంటేనే జబ్బు పేరు చెప్పేస్తానని నాకు గట్టి నమ్మకం. చాలాసార్లు నిజమే అయ్యేది కూడా. ఆ చాలాసార్లే నా కొంప ముంచాయి.

కుక్కల్ని నేను పెద్దగా లెక్కలో వేసుకునేవాణ్ణి కాదు. పాడిపశువు పోతే ఒక ఇల్లు కూలబడుతుంది, కుక్కదేముంది అనుకునే తరం మాది. ఆసుపత్రికి వచ్చే కుక్కలు కూడా రేబిస్ టీకా వేయించుకుని వెళ్ళిపోయేవే.

చేరిన నెల తిరక్కుండానే ఒక ఉదయం ఒకమ్మాయి స్కూటీ మీద వచ్చింది. ఆమె కాళ్ళ దగ్గర ఒక నాటు కుక్క దర్జాగా కూర్చుని ఉంది. బెల్లం రంగు, ఒక చెవి నిలబడి, రెండోది వాలిపోయి. అమ్మాయి మెడలో హెడ్‌ఫోన్లు వేలాడుతున్నాయి. టీకా వేశాక అందరూ వెళ్ళిపోతారు. ఈ అమ్మాయి టీకా సీసా మీద బ్యాచి నంబరు ఫొటో తీసుకుని, మళ్ళీ ఎప్పుడు తీసుకురావాలో అడిగి ఫోనులో ఎక్కించుకుంది. ఓ.పి. రిజిస్టర్లో రాయడానికి పేరడిగాను.

"హారిక అండి. ఇది బూరె అండి. శ్రావణ శుక్రవారం అమ్మ బూరెలు వండుతుంటే వచ్చి గుమ్మంలో కూర్చుందండి. ఇంట్లో పిల్లి కూడా ఉందండి, గారె."

నూకరాజు నవ్వాపుకోలేక, "మరి ఆవడ ఏదండి?" అన్నాడు.

"ఇంకా రాలేదండి," అంది ఆ అమ్మాయి, రావాల్సిన చుట్టం గురించి చెప్పినంత మామూలుగా.

ఆ తర్వాత నెలలో వాళ్ళ గేదెకి చూడి పరీక్ష చేయడానికి ఇంటికి వెళ్ళాను. కాలవ గట్టున ఇల్లు, వెనక ఎకరం కొబ్బరితోట. తండ్రి మస్కట్‌లో డ్రైవరు. తోట, గేదె, ఇల్లు మూడూ ఒంటిచేత్తో నడిపేది తల్లి సత్యవతిగారు. నేను చేతులు కడుక్కున్నాక ఆవిడ కాఫీ ఇచ్చి, "మా అమ్మాయి ఆఫీసు చూద్దురుగాని రండి డాక్టరుగారూ," అని మేడమీదికి తీసుకెళ్ళారు.

ఆఫీసంటే ఒక గది. బల్ల మీద రెండు తెరలు, మూలన ఇన్వర్టరు, కిటికీ నిండా కొబ్బరి మట్టలు. గాలివానకి మట్ట విరిగి కేబులు మీద పడటం అక్కడ మామూలే కాబట్టి ఇంటర్నెట్ కనెక్షన్లు రెండు పెట్టుకుంది. ఇంటర్నెట్ పెట్టె వెచ్చగా ఉంటుందని గారె దానిమీదే పడుకుని ఉంది, ఒళ్ళంతా తెలుపు, పొట్ట రెండు వైపులా జారిపోయి. బూరె బల్లకింద హారిక పాదాల మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది. పాదం కదిపితే దానికి మెలకువ వస్తుందని ఈ పిల్ల గంటల తరబడి కాలు కదపదట.

"జీతం కంపెనీ ఇత్తాదండి, డ్యూటీ మాత్రం కుక్క ఏయిత్తాదండి," అన్నారు సత్యవతిగారు.

నాకు కొత్త సంగతులంటే ఆసక్తి. అడిగితే హారిక తన పనంతా విడమరిచి చెప్పింది. బస్సు టికెట్లు అమ్మే ప్రోగ్రాము రాసే బృందంలో తనొకతె. ఒకరు కొనుక్కున్న సీటు అదే క్షణంలో ఇంకొకరికి వెళ్ళిపోకుండా చూడటం తన వంతు. పొద్దున్నే బూరెని కాలవ గట్టుమీద తిప్పి తీసుకొచ్చి, పది గంటలకి బృందమంతా కలిసే మీటింగులో కూర్చుంటుంది. నిన్న ఏం చేశారు, ఇవాళ ఏం చేస్తారు అని తలా రెండు ముక్కలు చెప్పాలి. సాగదీయకుండా ఉంటారని ఆ మీటింగు నిలబడి చేయాలని వాళ్ళ నియమం. హారిక ఒక్కతే కూర్చుని చేస్తుంది, పాదాల మీద బూరె ఉంది కదా. ఆ సంగతి మేనేజరుకి కూడా తెలుసట.

ఇంకో మాట చెప్పింది. ప్రోగ్రాము తాను చేసిన ప్రతి పనీ ఎప్పటికప్పుడు ఒక చిట్టాలో తానే రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటారు. ఎక్కడైనా తేడా వస్తే ముందు మనుషుల్ని అడగరు, లాగ్ తెరుస్తారు. ఎందుకని అడిగాను. "మనుషులు మర్చిపోతారండి," అంది.

ఆ అలవాటు కొద్దీ బూరెకీ గారెకీ కూడా ఒక లాగ్ పెట్టింది. రోజుకో వరస. ఎంత తిన్నాయి, ఎన్ని నీళ్ళు తాగాయి, ఎప్పుడు బయటికెళ్ళాయి, మలం ఎలా ఉంది. చివర 'ఇతరం' అని ఒక గడి. నేను పగలబడి నవ్వాను. ఇంజనీరింగ్ చదివింది కుక్క ఒంటేలు రాయడానికా తల్లీ అన్నాను. ఆ పిల్ల ఏమీ అనుకోలేదు.

"ఆయ్, అవసరం పడదనుకోండి. పడితే ఉంటుంది కదండీ."

ఆ ఏడాది వినాయక చవితి వెళ్ళిన వారంలో ఒక ఉదయం తల్లీకూతుళ్ళిద్దరూ బూరెని ఆసుపత్రికి తీసుకొచ్చారు. ముక్కులోంచి సన్నగా రక్తం. బల్లమీద పడుకోబెట్టి చూశాను. జ్వరం స్వల్పంగా ఉంది. చిగుళ్ళు పాలిపోయాయి. చెవి మడతలో రక్తం పీల్చే గోమార్లు రెండు కనిపించాయి. అంతే, నా బుర్రలో తాళం పడిపోయింది. గోమార్ల వల్ల కుక్కలకొక జ్వరం వస్తుంది, రక్తం గడ్డకట్టించే కణాలు తగ్గి ముక్కున రక్తం కారుతుంది. గోదావరి జిల్లాల్లో బాగా ఉన్న జబ్బే.

ముక్కున రక్తం చూస్తే ఏ పశువైద్యుడైనా అడిగే ప్రశ్న ఒకటుంది. నేనూ అడిగాను. ఇంట్లో ఎలుకల మందేమైనా పెట్టారా అని.

"అబ్బెబ్బే, లేదండీ. గారె తిరుగుతాదని ఇంట్లో మందన్నదే ముట్టుకోమండి," అన్నారు సత్యవతిగారు. హారిక కూడా అవునంది. నిజమే చెప్పారు ఇద్దరూ. నేను రిజిస్టర్లో గోమార్ల జ్వరం అని రాసి, తొడలో ఇంజక్షన్ చేసి, బిళ్ళలు ఇచ్చాను. నూకరాజు సూది గుచ్చిన చోట దూది నొక్కి పట్టుకుని, ఎంతకీ ఆగట్లేదండి సార్ అన్నాడు. నువ్వు సరిగ్గా నొక్కట్లేదని కసిరాను. అతను ఇంకాసేపు నొక్కాడు.

మర్నాడు హారిక ఫోను చేసింది. సూది గుచ్చిన చోట నిమ్మకాయంత వాచిందని, అన్నం ముట్టలేదని, గుమ్మం దగ్గరే కూలబడిపోయిందని చెప్పింది. ఆ మందు పనిచేయడానికి రెండు మూడు రోజులు పడుతుందన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు కదా. "మీ కంప్యూటరు కాదమ్మా, మీట నొక్కగానే మారిపోడానికి," అని కూడా అన్నాను. అవతల ఆ పిల్ల, "అలాగేనండి," అంది. ఆ అలాగేనండి నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

మూడో రోజు ఉదయం ఆటోలో తీసుకొచ్చారు. బూరె నిలబడలేకపోయింది. చిగురు మీద బొటనవేలితో నొక్కి వదిలితే ఆరోగ్యంగా ఉన్న కుక్కకి రెండు క్షణాల్లోపు మళ్ళీ ఎరుపెక్కుతుంది. దీనికి నొక్కక ముందే చిగురు సున్నం రంగులో ఉంది, ఎక్కడానికి ఎరుపేది? నాకు భయం వేసింది. అలా తెల్లబడిన కుక్క సాయంత్రం దాకా ఉండదు. అది తోక కొనని ఒక్కసారి బల్లకేసి కొట్టి నాకేసి చూసింది. సూది గుచ్చిన మనిషినని దానికి తెలుసు, అయినా కొట్టింది.

"ఇది పోతుందా అండి?" అంది హారిక. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నేను మళ్ళీ దాని చిగురు నొక్కి చూశాను. అప్పుడు సంచీలోంచి రెండు కాగితాలు తీసింది. రెండు వారాల లాగ్ ప్రింటు తీసి తెచ్చింది.

"మాకేదైనా పాడైతే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటేనండి. చివరిగా ఏం మారింది అని. రాత్రంతా చూసేనండి, నాకేం దొరకట్లేదు. మీకేమైనా కనిపిస్తుందేమో ఒక్కసారి చూడండి."

మామూలు రోజైతే పక్కన పెట్టేసేవాణ్ణి. ఆరోజు నా దగ్గర వేరే దారి లేదు. కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. మొదట్లో వరసలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. జబ్బు కనిపించడానికి నాలుగు రోజుల ముందు ఒకచోట ఇలా ఉంది: 'రాత్రి అన్నం సగం వదిలేసింది. హుషారుగానే ఉంది.' మర్నాడూ అదే. ఆకలి తగ్గిన కుక్క హుషారుగా ఉండదు. హుషారుగా ఉండి అన్నం వదిలేసిందంటే కడుపు అప్పటికే ఎక్కడో నిండి వచ్చిందన్నమాట. ఇంకా పైకి వెళ్ళాను. దానికి అయిదు రోజుల ముందు, 'ఇతరం' గడిలో ఒక్క లైను. 'తోటలో దింపువాళ్ళు. బూరె ఒకటే మొరుగుడు. మీటింగులో రెండుసార్లు మాట ఆపుకోవాల్సి వచ్చింది.'

కోనసీమలో పుట్టినవాడికి దింపంటే చెప్పక్కర్లేదు. నెలన్నర, రెండు నెలలకోసారి మనుషులు చెట్లెక్కి కాయ దింపుతారు. అదే రోజు, ఎలాగూ చెట్టెక్కారు కాబట్టి, పైన ఇంకో పని కూడా చేయించుకోవడం రివాజు. ఎలుకలు చెట్టెక్కి పిందెలు కొట్టేస్తుంటే చెట్టు తలలో, మొవ్వు దగ్గర మందు బిళ్ళలు పెట్టిస్తారు.

సత్యవతిగారిని అడిగాను. దింపు రోజున చెట్లమీద ఏమైనా పెట్టించారా?

"ఆయ్, దింపు దుర్గారావు చేత మందు బిళ్ళలు పెట్టించేనండి. పిందెలన్నీ కొట్టేత్తన్నాయండి ఎలకలు. అది ఇంట్లో కాదు కదండీ, చెట్టు మీద..."

ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆవిడ అబద్ధమాడలేదని ముందే రాశాను. నలభై అడుగుల చెట్టు తల మీద ఉన్న వస్తువు మా వాళ్ళ లెక్కలో ఇంట్లో ఉన్నట్టు కాదు. కుక్క చెట్టెక్కదు, పిల్లల చెయ్యి అందదు, గొడవే లేదు. కానీ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. నాలుగైదు రోజులు తూలుతూ తిరిగి, దాహానికి కిందికి దిగి, కాలవ పక్కన కదలకుండా కూర్చుంటుంది. బూరె అన్నం వదిలేసిన రెండు రాత్రులూ దాని భోజనం అదే. ఈ మందు రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. లోపలికెళ్ళిన మూడు నాలుగు రోజులకి గానీ బయటపడదు. నూకరాజు నొక్కిన దూది, నిమ్మకాయంత వాపు, రెండూ ఆ ముక్కే చెప్పాయి. నేను వినిపించుకోలేదు. ఆ తొడలో వాపు నా సూది చేసిందే.

అనుమానం తీర్చుకోవడానికి ఒక పాత పరీక్ష ఉంది. శుభ్రమైన గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి నిలబెట్టాలి. పది నిమిషాలకి గడ్డకట్టాలి. హారిక ఫోనులో గడియారం పెట్టింది. పది నిమిషాలకి నూకరాజు గొట్టం వంచి చూశాడు, జారింది. పదిహేనుకి జారింది. ఇరవై నిమిషాలకి నీళ్ళలా అలాగే ఉంది.

దీనికి విరుగుడు విటమిన్ కె. అందులోనూ కె-ఒకటి అనే రకమే పనికొస్తుంది. మా శాఖ మందుల ఇండెంటులో అది రాదు, గేదెలకి దాంతో పనిలేదు. మనుషుల ఆసుపత్రుల్లో పుట్టిన బిడ్డలకి రక్తస్రావం కాకుండా చేస్తారు. నూకరాజు నా చీటీ పట్టుకుని బండి మీద రాజోలు వెళ్ళాడు. మూడు మందుల షాపుల్లో లేదన్నారు. ఒక కాన్పుల ఆసుపత్రిలో నర్సుగారి కాళ్ళావేళ్ళా పడి తెచ్చాడు. ఏ బిడ్డకి అని ఆవిడ అడిగిందట. బూరెకండి అన్నాడట. ముద్దుపేరనుకుని ఎన్ని రోజుల బిడ్డ అని మళ్ళీ అడిగిందట. నూకరాజు కుక్కండి అని చెప్పేశాక కూడా ఆ తల్లి ఇచ్చింది, ఆవిడ చల్లగా ఉండాలి.

ఈసారి తొడ జోలికి పోలేదు. అన్నిటికంటే సన్నసూదితో, బరువుకి తగ్గ మోతాదు నాలుగు భాగాలు చేసి, చర్మం కింద నాలుగు చోట్ల ఇచ్చాను. ఒక్కొక్క చోటా అయిదు నిమిషాలు నేనే నొక్కి పట్టుకున్నాను. మందిచ్చినంత మాత్రాన అయిపోలేదు. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు లివరు మళ్ళీ తయారుచేసుకోవాలి, దానికి సగం రోజైనా పడుతుంది. ఈలోపు లోపల ఎక్కడ చిట్లినా చేసేదేం లేదు. రక్తం ఎక్కించే ఏర్పాటు మా దగ్గర లేదు. ఆ సంగతి తల్లీకూతుళ్ళకి దాచకుండా చెప్పాను. నా మొదటి నిర్ధారణ తప్పని కూడా చెప్పాను. హారిక తలూపి, "ఇప్పుడు ఏం చూస్తూ ఉండాలండి?" అని అడిగింది. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

చిగుళ్ళ రంగు చూస్తూ ఉండమన్నాను. గంటకోసారి ఫొటో తీసి పంపమన్నాను. గది వెలుతురు మారితే రంగు మారినట్టు కనబడుతుంది కదా అని ఆ పిల్ల ప్రతి ఫొటోలో చిగురు పక్కన ఒక తెల్లకాగితం ముక్క పెట్టి తీసింది. నాకు తట్టని ఆలోచన అది. బూరెని గోనె మీద బల్లకింద పడుకోబెట్టుకుని పని చేసుకుందట. ఎప్పటిలా దాని గడ్డం తన పాదం మీదే. మర్నాడు పది గంటల మీటింగులో మేనేజరు మొదటి ప్రశ్న పని గురించి కాదట, చిగుళ్ళు ఎలా ఉన్నాయనట.

మా ఇంట్లో భోజనాల దగ్గర నా ఫోను టింగుమంటూనే ఉంది. మా ఆవిడ తొంగిచూసి, "ఎవరి పళ్ళండీ ఇవి? పళ్ళ డాక్టరయ్యారా ఈ వయసులో?" అంది. విషయం చెప్పాను. ఆవిడ మజ్జిగ పోస్తూ, మొదటి రోజే ఆ కాంపౌండరు చెప్పాడు కదా అంది. నేను మజ్జిగన్నం తినేసి లేచాను.

చెట్లమీద రెండో విడత ఎలుకల మందు బిళ్ళలు పెట్టాల్సింది బూరెకి విరుగుడు ఇచ్చిన మర్నాడే. పన్నెండు రోజుల తేడాతో రెండుసార్లు పెట్టడం పద్ధతి. దుర్గారావు వచ్చాడు, కానీ బిళ్ళలు పెట్టడానికి కాదు. ఎవరో చెబితే విని, పొద్దున్నే వచ్చి, పెట్టిన చెట్లన్నీ మళ్ళీ ఎక్కి, మిగిలినవన్నీ ఏరి డబ్బాలో వేసుకుని దిగాడు. తోటంతా వెతికి చచ్చిన ఎలుకల్ని గొయ్యి తీసి పూడ్చాడు. దింపుకొచ్చిన ప్రతిసారీ బూరెకి లేత కొబ్బరి తినిపించేది అతనే. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి మేడమెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పైకి వెళ్ళి చూడొచ్చు కదా అన్నాను. "నా మొకం ఎలా చూపించమంటారండి దానికి?" అన్నాడు. సత్యవతిగారు వంటింట్లోంచి, "పెట్టమన్నది నేను, నువ్వేటి చేత్తావయ్యా," అని గట్టిగా అని, ఏడ్చేశారు.

నేను పైకెళ్ళి బూరె పెదవెత్తి చూశాను. చిగురు అంచున సన్నటి గులాబీ గీత. కాగితం పక్కన పెట్టి మళ్ళీ చూశాను. ఉంది. దుర్గారావూ పైకి రా అని కేకేశాను. అతను గుమ్మం దగ్గర నిలబడగానే బూరె లేవబోయింది. లేవనివ్వకుండా పట్టుకోవడం నావల్లా హారికవల్లా కాలేదు. చివరికి అతనే వచ్చి పక్కన కూర్చుంటే పడుకుంది.

నాలుగు వారాలు విటమిన్ కె బిళ్ళలు వాడాం. ఈ మందు కొవ్వుతో కలిస్తేనే ఒంటబడుతుంది గనక మీగడలో పెట్టి ఇమ్మన్నాను. దాంతో బూరెకి మీగడ, దాని వంక చూసి గారెకీ మీగడ. గారెని కూడా పరీక్ష చేశాను, అనుమానం ఉంచుకోకూడదు కదా. రక్తం నిక్షేపంగా గడ్డకట్టింది. "అది ఎలకని పట్టిన పాపాన పోలేదండి," అన్నారు సత్యవతిగారు. పనిదొంగతనం ప్రాణాలు కాపాడటం నేను చూసింది అదొక్కసారే.

చివరి పరీక్షకి వచ్చినప్పుడు హారిక ఒక కాగితం ఇచ్చింది. వాళ్ళ ఆఫీసులో ఏదైనా పాడై బాగయ్యాక, జరిగింది జరిగినట్టు ఒక పేజీ రాసి అందరికీ చూపిస్తారట. ఒక్కటే నియమం, అందులో ఎవరి పేరూ ఉండకూడదు. బూరె గురించి అలాంటిదే రాసింది. అందులో ఈ మూడు వాక్యాలు నేను తర్వాత నా డైరీలో ఎక్కించుకున్నాను. 'ప్రశ్న ఇంటి వరకే అడిగారు. జవాబు ఇంటి వరకే వచ్చింది. చెట్టు ఎవరి లెక్కలోనూ లేదు.' నా పేరు లేదు. తల్లి పేరు లేదు, దుర్గారావు పేరు లేదు. లాగ్‌లో ఉన్నా తాను చూసుకోలేకపోయిన విషయం మాత్రం రాసుకుంది. చదివి ముందు హమ్మయ్య అనుకున్నాను. తర్వాత సిగ్గేసింది.

వాళ్ళు వెళ్ళాక ఓ.పి. రిజిస్టరు తీయించాను. బూరె పేరున్న చోట ఎర్ర సిరాతో రాశాను. 'మొదటి రోజు నిర్ధారణ తప్పు. గడ్డకట్టే పరీక్ష చేయలేదు. కాంపౌండరు చెప్పినది పట్టించుకోలేదు. అసలు కారణం చెట్టుపై ఎలుకల మందు. చికిత్స విటమిన్ కె-ఒకటి.' కింద సంతకం, తేదీ. నూకరాజు గాభరాపడ్డాడు. "రేపు ఇన్‌స్పెక్షనుకి వచ్చినోళ్ళు చూత్తారండి సార్, సర్వీసు ఆఖర్లో ఎందుకండి," అన్నాడు. సర్కారు రిజిస్టర్లో సొంత తప్పు సొంత చేత్తో రాసినవాణ్ణి నేనూ చూడలేదు, అతనూ చూడలేదు. రాసింది ఉండనిచ్చాను. ఆ పేజీ నుంచి కొత్తగా ఒక గడి గీయించాను. 'గత రెండు వారాల్లో ఇంటా బయటా ఏం మారింది?'

ఆ గడి వల్ల మా పని పెరిగింది. జనం చెప్పడం మొదలుపెడితే అల్లుడు రావడం దగ్గర్నుంచి చెబుతారు. కానీ పాలు తగ్గిన ఒక గేదెకి కారణం కొత్తగా పక్కన కట్టిన దూడ అని, మేతకి మొహం తిప్పేసిన మేకలకి కారణం కాలవలో కడిగిన పురుగుమందు డబ్బాలని ఆ గడిలోనే దొరికింది.

రిటైరైన రోజు ఛార్జి అప్పగిస్తుంటే, నా స్థానంలో వచ్చిన డాక్టరు రిజిస్టర్లు తిరగేస్తూ ఆ ఎర్ర సిరా దగ్గర ఆగాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. వేరే పేజీ రాయించి ఇది తీయించేయమంటారా సార్, మీకు బాగోదేమో అన్నాడు. వద్దన్నాను. ఎలుకల మందు తిన్న కుక్క మళ్ళీ వస్తుంది, ఆరోజు ఆ పేజీ మీకు కావాలి అన్నాను. నూకరాజు ఆ పేజీలో గుర్తుకి ఒక దారం పెట్టాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి చెప్పేది ఇంతే. పశువు చెప్పలేదు. మనిషి అడిగినదానికే చెబుతాడు. అందుకే మన తప్పులు చాలావరకు మందులో ఉండవు, మనం అడిగిన ప్రశ్నలో ఉంటాయి. ఇది నాకు కాలేజీలో చెప్పలేదు, ముప్పై ఏళ్ళ సర్వీసూ నేర్పలేదు. కుక్క మొరుగుడికి మీటింగులో మాట ఆపుకోవాల్సి వచ్చిన ఒకమ్మాయి, అవసరం పడదనుకుంటూనే రాసి పెట్టిన ఒక్క లైను నేర్పింది.